రోజూ నడిపే కారుతో పావు మైలు: మూడు సీజన్ల తరువాత నా సమీక్ష

నా కారు ప్రత్యేకమైనదేమీ కాదు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు, ముందు చక్రాలకు శక్తి అందే హ్యాచ్‌బ్యాక్. సుమారు 200 హార్స్‌పవర్, నన్ను కూర్చోబెట్టి తూచితే దాదాపు 1,360 కిలోలు. వారంలో అయిదు రోజులు ఉద్యోగానికి తీసుకెళ్ళే ఈ బండినే మూడు సీజన్లలో 94 సార్లు డ్రాగ్ స్ట్రిప్ మీద, అంటే నిలిచిన చోటు నుంచి పావు మైలు నేరుగా పరుగెత్తే పోటీ ట్రాకు మీద, పరుగెత్తించాను. ఇంజనులో గానీ గేర్‌బాక్సులో గానీ ఏ మార్పూ చేయలేదు. మారినవి టైర్లు, ఒక క్లచ్, అన్నిటికంటే ఎక్కువగా నా రెండు కాళ్ళ అలవాట్లు. కొత్తగా మొదలుపెట్టేవారికి మార్పులు చేయని రోజువారీ కారును మించిన సాధనం లేదని ఇన్ని పరుగుల తరువాత నమ్మకంగా చెప్పగలను. అయితే దానికి కారు మూల్యం చెల్లిస్తుంది కనుక ఆ సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

మొదటి రాత్రి నన్ను కంగారు పెట్టింది వేగం కాదు, తనిఖీ. బ్యాటరీ బిగింపును చేత్తో ఊపి చూశారు, చక్రాల నట్లు తడిమారు, ఇంజను కింద నూనె చుక్కలు ఉన్నాయేమో వంగి చూశారు, సీటు బెల్టు లాగి చూశారు, నేను తొడుక్కున్నవి పూర్తి ప్యాంటు, కాలు మూసే బూట్లేనా అని కూడా గమనించారు. అంతా సరిగానే ఉంది గానీ, డ్రైవరు సీటు కింద ఒక నీళ్ళ సీసా దొర్లుతూ కనిపించింది. బయలుదేరే గీత దగ్గర బండి ముందుకు దూకినప్పుడు అది వెనక్కి పోతుంది. చివర బ్రేకు వేసినప్పుడు మాత్రం ముందుకు వచ్చి పెడల్ కిందే ఇరుక్కుంటుంది. తనిఖీ చేసినాయన ఏమీ అనకుండా సీసా తీసి నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ట్రాకుకు చేరగానే ఫ్లోర్ మ్యాట్లతో సహా కారులోని విడి వస్తువులన్నీ తీసి పక్కన పెట్టడం నా మొదటి పని.

ఆ రాత్రి చేసిన తప్పుల్లో చెప్పుకోదగినది నీళ్ళ గుంట విషయం. గీతకు కొంత వెనక నేలను తడిపి ఉంచుతారు. అది స్లిక్ టైర్లు, అంటే గాడులు లేని నున్నటి టైర్లు, వేసుకున్న కార్లు చక్రాలు తిప్పి రబ్బరు వేడి చేసుకోవడానికి. అందరూ దాని మీదుగా పోతున్నారు కదా అని నేనూ పోయాను. మామూలు రోడ్డు టైర్లకు గాడులు ఉంటాయి, అవి నీళ్ళను పట్టుకుని నేరుగా గీత దాకా మోసుకెళ్తాయి. అందుకని రోడ్డు టైర్ల బండి ఆ తడిని పక్క నుంచి దాటి, పొడి నేల మీద చక్రాలను ఒక్క క్షణం తిప్పి అంటుకున్న ఇసుకను దులుపుకుంటే చాలు. ఎయిర్ కండిషనర్ వేసి ఉంచడమూ ఇలాంటి పొరపాటే. దాని నుంచి కారే నీళ్ళు మీ టైర్ల ముందే కాకుండా మీ తరువాత వచ్చేవారి టైర్ల కింద కూడా పడతాయి.

గీత దగ్గర ఎదురుగా నిలబడే దీపాల స్తంభాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. 1963కు ముందు అక్కడ జెండా పట్టుకున్న మనిషి ఉండేవాడు. నేల మీద ఏడు అంగుళాల ఎడంతో రెండు కాంతి కిరణాలు అడ్డంగా పోతుంటాయి. ముందు చక్రం మొదటిదాన్ని అడ్డుకుంటే పైన ప్రీ-స్టేజ్ దీపం, రెండోదాన్ని అడ్డుకుంటే స్టేజ్ దీపం వెలుగుతాయి. ఇద్దరు డ్రైవర్లూ స్టేజ్ అయ్యాక మూడు పసుపు దీపాలు అర సెకను ఎడంతో ఒకటి తరువాత ఒకటి వెలిగి, మరో అర సెకనుకు ఆకుపచ్చ వస్తుంది. ప్రొఫెషనల్ తరగతుల్లో మూడు పసుపు దీపాలూ ఒకేసారి వెలుగుతాయి, ఆకుపచ్చ 0.4 సెకనుకే వస్తుంది. కొత్తవారికి ఆ బాధ ఉండదు. ఆకుపచ్చ కోసం కళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు ఆలస్యమైనట్టే. మెదడు చూసి, కాలు కదిలి, క్లచ్ పట్టుకుని, చక్రం కిరణాన్ని వదిలి వెళ్ళేసరికి చాలా సమయం గడిచిపోతుంది కాబట్టి, చివరి పసుపు దీపం వెలగగానే కదలాలి. ఈ చిన్న సంగతి ఒంటబట్టడానికి నాకు ఒక సీజన్ మొత్తం పట్టింది.

పరుగు ముగించి తిరుగు దారిలో మెల్లగా వస్తుంటే ఒక గూటిలోంచి చీటీ అందిస్తారు. దాన్నే టైమ్ స్లిప్ అంటారు; ఈ మొత్తం వ్యవహారంలో నాకు అత్యంత విలువైనది అదే. నా మొదటి చీటీలో రియాక్షన్ సమయం (ఆకుపచ్చ వెలిగాక బండి కదలడానికి పట్టినది) 0.842 సెకను, 60 అడుగుల దగ్గర 2.71 సెకన్లు, పావు మైలు, అంటే 1,320 అడుగులు, 16.21 సెకన్లు, చివరి వేగం గంటకు 144 కిలోమీటర్లు. రియాక్షన్ సమయం పరుగు సమయంలో కలవదని చాలామంది కొత్తవారికి తెలియదు. గడియారం ఆకుపచ్చ దీపంతో కాక, చక్రం కిరణాన్ని వదిలిన క్షణంతో మొదలవుతుంది. గీత మీద నిద్రపోయి లేచి బయలుదేరినా పరుగు సమయం అంతే వస్తుంది, పోటీ మాత్రం పోతుంది. అలాగే చివరి వేగం ఒక క్షణానిది కాదు, ఆఖరి 66 అడుగుల సగటు.

బరువును పౌండ్లలో తీసుకుని, హార్స్‌పవర్‌తో భాగించి, ఘనమూలం కట్టి, 5.825తో గుణిస్తే పావు మైలుకు పట్టే సమయం ఉజ్జాయింపుగా వస్తుందని ఒక సూత్రం ప్రచారంలో ఉంది. నా కారుకు ఆ లెక్క కడితే 14.4 సెకన్లు. అంటే మొదటి రాత్రి కారు ఇవ్వగలిగినదానికీ నేను రాబట్టినదానికీ మధ్య దాదాపు రెండు సెకన్ల తేడా ఉంది. ఇప్పుడు నా అత్యుత్తమ సమయం 14.58, చివరి వేగం 152. పాత నేను, ఇప్పటి నేను పక్క పక్కన పరుగెత్తి ఉంటే ముగింపు గీత దాటేసరికి పాతవాడు 60 మీటర్లకు పైగా వెనకబడి ఉండేవాడు, కారు అదే అయినా సరే. ఈ లెక్క వేసుకున్న రోజే ఇంజను శక్తి పెంచే ఆలోచన మానుకున్నాను.

ఆ తేడాలో దాదాపు సగానికి కారణం మొదటి 60 అడుగులే. అక్కడ పదో వంతు సెకను ఆదా చేస్తే చివర సుమారు ఒకటిన్నర రెట్లు కలిసివస్తుందని స్ట్రిప్ మీద అందరూ అంటారు, నా చీటీలు కూడా దాదాపు అదే చెబుతున్నాయి. ముందు చక్రాల బండికి ఇక్కడ పుట్టుకతోనే ఒక లోపం ఉంది: బయలుదేరే ఊపుకు బరువు వెనక్కి జరుగుతుంది, లాగాల్సిన ముందు చక్రాలు తేలికపడి పట్టు వదులుతాయి. మొదట్లో 4,500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేవాణ్ణి. చక్రాలు తిరగడం, వాటితోపాటు ముందు భాగమంతా దడదడలాడడం తప్ప ముందుకు కదలిక కనిపించేది కాదు. ఆ దడదడను వీల్ హాప్ అంటారు, యాక్సిల్ కీళ్ళను విరిచేది అదే, కాబట్టి అది మొదలైన వెంటనే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయాలి. ఇప్పుడు 2,800 దగ్గర పట్టుకుని, క్లచ్ కరిచే చోట ఒక క్షణం ఆగి, మిగతాది వదులుతూ యాక్సిలరేటర్ నొక్కుతాను. చెవికి నిరుత్సాహంగా వినిపిస్తుంది. చీటీ మీద మాత్రం 60 అడుగుల దగ్గర 2.19 వస్తుంది. వినసొంపుగా బయలుదేరిన పరుగులన్నీ నా విషయంలో నెమ్మది పరుగులే.

టైర్ల గాలి కూడా ఇందులో భాగమే. ముందు టైర్లను 33 పీఎస్ఐ నుంచి 27కు తగ్గించి, వెనక వాటిని కొంచెం పెంచుతాను. ఇంకా తగ్గించి చూస్తే చివర వేగం దగ్గర స్టీరింగ్ మెత్తబడి బండి నిలకడ తప్పినట్టు అనిపించింది, అక్కడితో ఆపాను. ఇంటికి బయలుదేరే ముందు మళ్ళీ నింపుకోవాలి కాబట్టి చిన్న పంపు, గాలి కొలిచే మీటరు వెంట ఉండాలి. ఒకసారి మర్చిపోయి హైవే ఎక్కాక గుర్తొచ్చింది, పక్కకు తీసి నింపుకున్నాను.

వేడి గురించి మాత్రం చాలా ఆలస్యంగా గ్రహించాను. టర్బో బండిలో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) వేడెక్కితే లోపలికి పోయే గాలి పలుచబడుతుంది, ఇంజను తన్ను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకుంటుంది. వరసగా మూడు పరుగులు చేస్తే మూడోది మొదటిదానికంటే 0.2 సెకను నెమ్మది, చివరి వేగం మూడు నాలుగు కిలోమీటర్లు తక్కువ. చివరి వేగం పడిపోతే తప్పు ఇంజనుది లేదా వాతావరణానిది, వేగం అలాగే ఉండి సమయం మాత్రం పెరిగితే తప్పు నాది: ఈ ఒక్క భేదం తెలిసిన తరువాత చీటీ చదవడం నాకు సులువైంది. ఇప్పుడు పరుగుకూ పరుగుకూ మధ్య బానెట్ తెరిచి అరగంట ఆగుతాను. చల్లని రాత్రుల్లో ఏ ప్రయత్నమూ లేకుండానే సమయం తగ్గుతుంది, దానికి నేను గొప్పపడనవసరం లేదు.

రెండో సీజన్‌లో బ్రాకెట్ రేసింగ్ మొదలుపెట్టాను. రోడ్డు కారు ఉన్నవాడికి ఇంతకంటే న్యాయమైన పోటీ నాకు తెలియదు. ఎవరి కారు ఎన్ని సెకన్లలో పరుగెత్తుతుందో వారే ముందుగా అద్దం మీద రాసుకుంటారు. నెమ్మది బండికి ఆ తేడా మేరకు ఆకుపచ్చ ముందుగా వస్తుంది. ఒకసారి నేను 14.80 రాశాను, అవతలి లేనులో స్లిక్ టైర్ల బండి 12.60. నాకు 2.20 సెకన్ల ముందు ఆకుపచ్చ వచ్చింది, ముగింపు గీత కూడా నేనే ముందు దాటాను, స్టీరింగ్ మీద చేత్తో ఒకసారి చరిచాను కూడా. గెలుపు దీపం మాత్రం అవతలి లేనులో వెలిగింది. నా సమయం 14.77, రాసినదానికంటే వేగంగా వెళ్ళడమే ఇక్కడ నేరం, దాన్ని బ్రేకౌట్ అంటారు. అవతలి మనిషి 12.63తో మాట నిలబెట్టుకున్నాడు. కారు ఎంత వేగమైనదన్నది ఈ పోటీలో లెక్కలోకి రాదు, ప్రతిసారీ ఒకేలా నడపగలమా అన్నదే లెక్క. మార్పులు చేయని కారుకు ఇక్కడ నిజమైన మేలు ఉంది: దాని ప్రవర్తన రోజురోజుకూ మారదు.

ఇక కారు చెల్లించిన మూల్యం. రెండో సీజన్ చివర క్లచ్ జారడం మొదలైంది, 61,000 కిలోమీటర్ల దగ్గర మార్పించాను. మామూలుగా నడిపి ఉంటే ఇంకా చాలాకాలం వచ్చేదనడంలో సందేహం లేదు. ఇంజనును పట్టి ఉంచే ఒక మౌంటు రబ్బరు చిరిగింది, నిలిపి ఉంచినప్పుడు స్టీరింగ్ వణుకుతుంటే తెలిసింది. ముందు టైర్లు వెనకవాటికంటే రెట్టింపు వేగంతో అరుగుతున్నాయి. బ్రేకులకు పెద్దగా ఏమీ కాలేదు, ఎందుకంటే ముగింపు గీత దాటాక మెల్లగా ఆగడానికి కావలసినంత దారి ఉంటుంది. అక్కడ గట్టిగా బ్రేకు వేయడం, పక్క లేనులోని బండి ఎక్కడుందో చూడకుండా మలుపు తీసుకోవడం, ఈ రెండూ నా దృష్టిలో కొత్తవారు చేసే అత్యంత ప్రమాదకరమైన పనులు. బీమా పత్రం కూడా ముందే చదువుకోవాలి. సమయం కొలిచే పోటీల్లో జరిగే నష్టానికి నా పాలసీ వర్తించదు, వారంటీ ఉన్నవారు ఆ షరతులూ చూసుకోవాలి. రేపు ఉద్యోగానికి వెళ్ళడానికి మరో దారి లేనివారు ఈ కారునే గీత మీదికి తేవద్దని చెబుతాను.

వేగం పెరిగేకొద్దీ నియమాలు కూడా పెరుగుతాయి. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల ప్రకారం 13.99 సెకన్లు, అంతకంటే వేగమైన బండ్లకు హెల్మెట్ తప్పనిసరి, ఇంకా వేగం పెరిగితే రోల్ బార్ (బండి పల్టీ కొడితే డ్రైవరును కాపాడే కడ్డీ) వంటివి వస్తాయి. నేను పరుగెత్తే చోట సమయంతో నిమిత్తం లేకుండా అందరూ హెల్మెట్ పెట్టుకోవాలి. నాకు ఆ పద్ధతే నచ్చింది. నచ్చనిది వరసలో నిలబడడం. రద్దీ రాత్రుల్లో నాలుగు గంటలకు మూడు పరుగులు దొరికితే అదృష్టం, పైగా ఎవరి బండి నుంచైనా నూనె కారితే ట్రాకు శుభ్రం చేసేదాకా అందరూ ఆగాల్సిందే.

వచ్చే సీజన్‌కు గట్టి ఇంజను మౌంట్లు, వేరే చక్రాల మీద ఒక జత డ్రాగ్ రేడియల్ టైర్లు (పట్టు ఎక్కువగా ఉండే డ్రాగ్ రేసు టైర్లు) కొనాలనుకుంటున్నాను, అంతకుమించి ఏమీ లేదు. వాటిని ఇంటి నుంచి మోసుకెళ్ళి అక్కడే మార్చుకోవాలి కాబట్టి, వెనక సీట్లు మడిస్తే జాకుతో సహా అన్నీ పడతాయో లేదో ముందు టేపు పెట్టి కొలవాలి.