తార్నాకలో గర్భిణుల డి విటమిన్ క్లాసు: వెళ్లొచ్చాక నా అభిప్రాయం

కడుపుతో ఉన్నవాళ్లెవరైనా ఈ క్లాసుకి తప్పకుండా వెళ్లండి. నాలాగా ఏడో నెల వచ్చేదాకా ఆగక్కర్లేదు. తార్నాకలో ఓ ప్రసూతి క్లినిక్ మేడ మీద శనివారం పొద్దున చెప్తారు. ఫీజు 600, తోడు వచ్చినవాళ్లకి ఫ్రీ. నాతో మా అత్తయ్య వచ్చారు.

ఎండలో నిలబడండి, మాత్రలు వేసుకోండి అని చెప్పేసి పంపించరు. డాక్టరమ్మ బోర్డు మీద మాయ (ప్లాసెంటా) బొమ్మ గీసి మొదలుపెట్టారు. తల్లి రక్తంలో డి విటమిన్ నిలవ ఉండే రూపం 25-హైడ్రాక్సీ డి. అదే మాయ దాటి బిడ్డకి అందుతుంది. మాయలో దాన్ని పనిచేసే రూపానికి మార్చే ఎంజైమొకటి, విరగ్గొట్టేసే ఎంజైమొకటి ఉంటాయి. విరగ్గొట్టేదాని జన్యువు పేరు సీవైపీ24ఏ1. మాయలో ఆ జన్యువు మొదలయ్యే చోట మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు అతుక్కుని దాని పని చాలావరకు ఆపేస్తాయి. జన్యువులో ఒక్క అక్షరమూ మారదు, తాళం పడుతుందంతే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2009లో ఈ సంగతి ప్రచురించారు. నా ఒంట్లో ఇంత జరుగుతోందా అని నాకు ఒళ్లు పులకరించింది.

అత్తయ్య వెంటనే అడిగేశారు: "అంత ఏర్పాటుంటే ఇక మందులెందుకమ్మా?"

"మాయ ఉన్నదాన్ని కాపాడుతుందండీ, లేనిదాన్ని పుట్టించలేదు. మీ కోడలి రక్తంలో ఉంటేనే బిడ్డకి" అన్నారావిడ. ఆ రోజు నుంచీ నా మాత్రల డబ్బా అత్తయ్య చేతిలోనే ఉంది.

టెస్టు గురించి చెప్పింది మాత్రం అందరూ వినాలి. అంతకుముందు ఒక ల్యాబ్ వాళ్లు నాకు పనిచేసే రూపాన్ని కొలిచే ఖరీదైన 1,25-డైహైడ్రాక్సీ టెస్టు అంటగట్టారు. కడుపుతో ఉన్నప్పుడు ఆ రూపం ఎలాగూ రెండు మూడు రెట్లు పెరుగుతుంది, నిలవ ఎంతుందో దాంతో తెలీదు. అడిగి చేయించుకోవాల్సింది 25-హైడ్రాక్సీ. మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల లోపు వస్తే లోటున్నట్టే. నాకు 14 వచ్చింది. రెండుసార్లు డబ్బు కట్టించినందుకు ఆ ల్యాబ్ మీద ఇంకా కోపంగానే ఉంది.

అద్దాలు బిగించిన బాల్కనీలో కూర్చుంటే లాభం లేదట, పనికొచ్చే కిరణాలని అద్దం ఆపేస్తుంది. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు మాత్రం డాక్టర్ రాస్తేనే వాడాలని గట్టిగా చెప్పారు.

లోటుపాట్లూ ఉన్నాయి. లిఫ్ట్ లేదు. ప్లాస్టిక్ కుర్చీల్లో అంతసేపు కూర్చుంటే నడుం పట్టేసింది. ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, తెలుగులో ఇస్తే అత్తయ్యలాంటి వాళ్లు ఇంటికెళ్లి చదువుకుంటారు.

పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. క్లాసు అయ్యాక ఒక్కొక్కరివీ ఓపిగ్గా చూస్తారు.