హనుమకొండలో సర్వపిండి పార్సిల్

నయీంనగర్‌లో ఓ సందు లోపల ఒక గది షాపు. కూర్చోడానికి కుర్చీ కూడా లేదు, అంతా పార్సిలే. సకినాలు, గారెలు కూడా పెడతారు గానీ జనం నిలబడేది సర్వపిండి కోసమే, అదే బియ్యప్పిండితో చేసే కారం రొట్టె.

ఇక్కడ పెనం వాడరు. గుండ్రటి అడుగున్న గిన్నెల్లోనే, లోపలి గోడల దాకా పిండిని పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె వేసి మూత పెడతారు. సన్నని మంట మీద అడుగు ఎర్రగా కాలి కరకరలాడుతుంది, పైన మెత్తగానే ఉంటుంది. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు ధారాళంగా వేస్తున్నారు. పప్పు పంటికి తగులుతుంది గానీ గట్టిగా లేదు. కారం మాత్రం మన కారమే. పిల్లలకైతే తగ్గించమని ముందే చెప్పండి.

సాయంత్రం ఆరు దాటాక వెళ్తే ఓపిక కావాలి. ఒకటి తీశాక గిన్నె అడుగున నీళ్లు పోసి చల్లార్చి, మళ్లీ పిండి అద్దాలి. నేను తొందరపెడితే పొయ్యి దగ్గరున్న పెద్దమ్మ "గిన్నె సల్లారాలె గద బిడ్డా, ఆగు" అంది. నిజమే. ఇంకో రెండు గిన్నెలు కొనుక్కోవచ్చు కదా అన్నదీ నిజమే.

ఒకటి 40 రూపాయలు, టీ పూట ఇద్దరికి సరిపోతుంది. నచ్చనిది ప్యాకింగ్. వేడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టిస్తే కాజీపేట చేరేసరికి ఆవిరికి అడుగు మెత్తబడింది. పేపర్లో చుట్టమంటే చుట్టిస్తారు, కాకపోతే అడగాలి. ఇంట్లో పెరుగుతో తినండి. వాళ్లిచ్చే చట్నీ నీళ్లనీళ్లగా ఉంది, వద్దన్నా నష్టం లేదు.