గురిగి కట్టలేని మోడల్ కిట్

హన్మకొండ చౌరస్తా దగ్గర ల్యాబ్ సామాను అమ్మే కొట్టులో ఈ అణు నమూనాల కిట్ కొన్నాను. 780 రూపాయలు. అట్టపెట్టె మీద 'ఆర్గానిక్, ఇనార్గానిక్' అని రెండూ అచ్చేశారు. నేను ఎం.ఎస్సీ పిల్లలకు ఇనార్గానిక్ చెప్తాను కాబట్టి ఆ రెండో మాట చూసే తీసుకున్నాను. "ఇంటర్ పిల్లలు మస్తుగ తీస్కపోతున్నరు మేడం, పుల్లలు అస్సలు విరగయి" అన్నాడు కొట్టతను.

విరగలేదు, అది నిజమే. నల్ల కార్బన్ బంతులు, తెల్ల హైడ్రోజన్లు బిగువుగా కూర్చుంటాయి. సైక్లోహెక్సేన్ కట్టి కుర్చీ రూపం నుంచి పడవ రూపానికి తిప్పినా ఊడిరాదు. ఆర్గానిక్ వరకు వంక పెట్టేదేం లేదు.

తంటా అంతా బోరాన్‌తోనే. గులాబీ రంగు బంతికి మూడే రంధ్రాలు, అవీ ఒకే తలంలో. బోరాన్ ట్రైఫ్లోరైడ్ కట్టి పక్కన పెట్టేయొచ్చు. రెండు బోరాన్లు, ఆరు హైడ్రోజన్లున్న డైబోరేన్ కట్టబోతే మధ్యలో వంతెనలా కూర్చునే రెండు హైడ్రోజన్లకు రెండేసి రంధ్రాలు కావాలి, ఈ తెల్ల బంతికి ఉన్నది ఒక్కటే. మేకు కాల్చి రెండోది పొడిచాను. బోరాన్‌కు నాలుగు రంధ్రాలు కావాలి కాబట్టి కార్బన్ బంతులకే బోరాన్ వేషం వేశాను. ఎలాగో నిలబెట్టి క్లాసుకు పట్టుకెళ్తే ముందు బెంచీ అమ్మాయి లెక్కపెట్టి అడిగింది: "మేడం, పుల్లలు ఎనిమిదున్నయి, బంధాలకు ఎలక్ట్రాన్లేమో 12 గదా. జతలు ఆరే గదా?"

ఈ కిట్ నాకిచ్చిన మంచి ప్రశ్న అదొక్కటే. మామూలుగా ఒక్కో పుల్ల ఒక ఎలక్ట్రాన్ జత కింద లెక్క మరి. బయటి నాలుగు పుల్లలకు తలా ఒక జత. మధ్యనున్న నాలుగు పుల్లలకు కలిపి రెండే జతలు. అంటే బోరాన్, హైడ్రోజన్, బోరాన్ మూడూ కలిసి ఒక్క జతను పంచుకుంటాయి. ఈ వంతెన కథను 1943లో గట్టిగా వాదించిన లాంగెట్ హిగ్గిన్స్ అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకా విద్యార్థే. బోరేన్ల మీద, అంటే ఇలాంటి బోరాన్, హైడ్రోజన్ సమ్మేళనాల మీద, చేసిన పనికి రసాయన శాస్త్రవేత్త లిప్స్‌కూంబ్‌కు నోబెల్ వచ్చింది 1976లో, మన కాకతీయ యూనివర్సిటీ పుట్టిన ఏడే. పిల్లలకు ఆ సంవత్సరం గుర్తుండడానికి అలా చెప్తుంటాను.

తర్వాత 12 బోరాన్లు కలిసి బంతిలా కట్టుకునే గూడు దగ్గర కిట్ పూర్తిగా చేతులెత్తేసింది. ఒక్కో బోరాన్‌కు ఐదుగురు ఇరుగుపొరుగులు, బయటికి ఒక హైడ్రోజన్, మొత్తం ఆరు రంధ్రాలు కావాలి. లోహాలకని ఇచ్చిన బూడిదరంగు బంతికి ఆరున్నాయి గానీ వాటి మధ్య 90 డిగ్రీలు. గూడు ముఖాలన్నీ త్రిభుజాలు, 60 డిగ్రీలు కావాలి. పైగా ఆ బంతులు పెట్టెలో రెండే.

చివరికి సైకిల్ షాపులో వాల్వు ట్యూబ్ కొన్నాను. మూడు చిన్న ముక్కలను ఒకదాన్ని పొడిచి ఇంకోదాన్ని దూరిస్తే ఆరు మూతులు వస్తాయి, పైగా ఎటు వంచితే అటు వంగుతాయి. 12 ముళ్లు, అంచులకు 30 అగ్గిపుల్లలు, హైడ్రోజన్లకు 12 సగం పుల్లలు. ఒక సాయంత్రం పట్టింది, వేళ్లు నొప్పి పుట్టాయి. పుల్లలు 30 ఉన్నా గూడును పట్టి ఉంచేది 13 జతలే. ఒక్కో బోరాన్ గూటికిచ్చేది రెండేసి ఎలక్ట్రాన్లు, అవి 24. గూటికి రెండు రుణావేశాలుంటాయి, వాటి వల్ల ఇంకో రెండు. రసాయన శాస్త్రవేత్త వేడ్ 1971లో చెప్పిన లెక్క ఇదే: మూలలెన్నో దానికి ఒకటి ఎక్కువ.

ఇలాంటి గూట్లోనే రెండు బోరాన్ల చోట కార్బన్లుంటే, అందులో ఒక మూల పీకేస్తే మూతి తెరిచిన గురిగిలా, అంటే చిన్న కుండలా, ఉంటుంది. దాని అంచున ఐదు పరమాణువులు: రెండు కార్బన్లు, మూడు బోరాన్లు. రసాయన శాస్త్రవేత్త హాథార్న్ బృందం 1965లో ఇలాంటి రెండు గురిగిల నడుమ ఇనుమును కూర్చోబెట్టింది. స్పానిష్‌లో కుండను ఓయా అంటారు, ఈ గురిగికి పెట్టిన డైకార్బోలైడ్ అన్న పేరు అందులోంచే వచ్చింది. ఇనుముకు ఇటు ఐదు, అటు ఐదు, మొత్తం పది పొరుగులు. రెండు గురిగిలూ ఇచ్చేది మూడేసి జతలే. కిట్‌లో పది రంధ్రాల బంతి ఎక్కడ దొరుకుతుంది! గోధుమపిండి ముద్దలో పది పుల్లలూ గుచ్చాను. రెండో రోజుకు ఎండి పగిలింది. ఇలాంటి అతుకుడు గూళ్లకూ కలిపి లెక్క చెప్పే ఎంఎన్ఓ సూత్రాన్ని 2001లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి జెమ్మిస్ బృందం ఇచ్చింది. గూళ్లు (ఎం) 2, మూలలు (ఎన్) గురిగికి 11 చొప్పున, ఇనుముతో కలిపి 23, రెండిటికీ ఉమ్మడి పరమాణువు (ఓ) ఇనుము 1, మొత్తం 26 జతలు. నెట్ పరీక్షకు చదివేవాళ్లు పుల్లలు లెక్కపెట్టడం మానేసి దీన్ని పట్టుకోండి.

కిట్ వాపసు తీసుకొమ్మంటే తెల్ల బంతికి నేను పొడిచిన రంధ్రం చూపించి కుదరదన్నాడు. ఇంటర్, డిగ్రీ ఆర్గానిక్‌కు ఐదుకు నాలుగు స్టార్లు. పెట్టె మీది ఆ రెండో మాటకు ఒక్కటి, అదీ పుల్లలు విరగనందుకు. బోరాన్ క్లస్టర్లు కావాలంటే వాల్వు ట్యూబ్ రెండు మీటర్లు తీసుకోండి, మీటరైతే చాలదు.