ఎఫ్‌ఎంఎస్ కిట్టా, వై బ్యాలెన్సా, ఫోన్ వీడియోనా? పిల్లల కదలిక చూడటానికి ఏది మేలు?

బళ్ళు తెరిచి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలెక్షన్లు దగ్గర పడ్డాయంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. జనగామ నుంచి ఒక పీఈటీ, హుజూరాబాద్ నుంచి ఒక కబడ్డీ కోచ్, మొన్న ములుగు నుంచి ఒక మేడం: "సార్, మూవ్‌మెంట్ టెస్ట్ చెయ్యాలంటే ఎఫ్‌ఎంఎస్ కిట్ కొనుడు మంచిదా, వై బ్యాలెన్స్ సరిపోతదా, ఫోన్‌ల వీడియో తీస్తే నడుస్తదా?" అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. మూడూ పిల్లలు కదిలే తీరులో లోపం పట్టేవే: ఎఫ్‌ఎంఎస్ (ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్) అంటే ఏడు కదలికలకు మార్కులు వేయడం, వై బ్యాలెన్స్ అంటే ఒంటికాలి నిలకడ కొలవడం. అంతకు మించి ఓనమాలు చెప్పడం లేదు.

ముందు నా కొలబద్ద చెప్తా. మన వరంగల్, కరీంనగర్ వైపు బడి పిల్లలు ఎక్కువగా ఆడేది కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ఈ ఆటల్లో మోకాలు పోయేది నిదానంగా కూర్చుని లేచేటప్పుడు కాదు. రైడర్ టచ్ చేసి ఒక్కసారిగా మిడ్‌లైన్ వైపు మర్లినప్పుడు, ఖోఖోలో పోల్ దగ్గర ఉరుకుతూ తిరిగినప్పుడు, స్మాష్ కొట్టి ఒంటికాలి మీద దిగినప్పుడు పోతుంది. అందుకే ఏ పరీక్ష గురించైనా నేను చూసేది ఒక్కటే: దూకి దిగేటప్పుడు, ఉరికి ఆగేటప్పుడు మోకాలు ఎటు పోతున్నదో ఇది చూపిస్తుందా లేదా?

ఎఫ్‌ఎంఎస్ చూపించదు. అందులో ఉన్న ఏడు కదలికలూ నిదానంగా చేసేవే, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. అంతమాత్రాన అది పనికిరానిదని కాదు. ఎక్కడైనా నొప్పి ఉంటే అక్కడ సున్నా వేయాలన్న నియమం చాలా మంచిది, ఎందుకంటే సెలెక్షన్ పోతుందన్న భయంతో నొప్పి దాచే పిల్లలు మన దగ్గర బోలెడు మంది. చిక్కంతా మొత్తం మార్కుల దగ్గరే. 21కి 14, అంతకంటే తక్కువ వస్తే ప్రమాదం అన్న మాట అందరి నోళ్ళలో నానుతోంది. అది 2007లో వచ్చిన ఒక అధ్యయనం నుంచి పుట్టింది. చూసింది 46 మంది అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ ఆటగాళ్ళను. తర్వాత వచ్చిన సమీక్షల్లో ఆ గీత గాయాలను ముందే పట్టిస్తుందనడానికి బలమైన ఆధారం దొరకలేదు. పైగా లెక్క మీరే వేసి చూడండి. ఏడింట్లోనూ రెండేసి వచ్చిన పిల్లాడికీ 14. మూడింట్లో మూడేసి, మూడింట్లో ఒక్కొక్కటి, మిగిలిన దాంట్లో రెండు వచ్చిన పిల్లాడికీ 14. ఈ ఇద్దరికీ రేపు పొద్దున గ్రౌండ్‌లో ఒకే పని చెప్పగలమా?

ఎఫ్‌ఎంఎస్‌లోని డీప్ స్క్వాట్ (లోతుగా గొంతుక్కూర్చోవడం)లో ఇంకో ముచ్చట. మన ఊళ్ళ పిల్లలు మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడంలో దిట్టలు. అదే పిల్లాడి చేతికి కర్ర ఇచ్చి తలపైకి ఎత్తి పట్టుకొమ్మంటే నడుము ముందుకు వాలుతుంది, కర్ర పాదాలు దాటి ముందుకు వస్తుంది, మూడు రావాల్సిన చోట రెండో ఒకటో పడుతుంది. లోపం భుజాల్లో, వీపు పైభాగంలో ఉంటే పీఈటీ పుస్తకంలో మాత్రం 'స్క్వాట్ వీక్' అని రాసుకుంటాడు. కాబట్టి ఎఫ్‌ఎంఎస్ చేయించేవాళ్ళు మొత్తం మార్కులు చూడకండి, ఏ కదలికలో ఎందుకు తగ్గిందో చూడండి. కిట్ సంగతా? కొనకండి. కర్ర, చెక్క, అడ్డం పెట్టే దారం, ఇవన్నీ వడ్లాయనతో చేయించుకోవచ్చు.

వై బ్యాలెన్స్ నాకు ఇష్టమైన పరీక్ష. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని ముందుకు, వెనక లోపలికి, వెనక బయటికి ఎంత దూరం చాపగలడో కొలవడమే. నేల మీద మూడు టేపులు అంటిస్తే అయిపోతుంది: ముందు టేపుకూ ఒక్కొక్క వెనక టేపుకూ మధ్య 135 డిగ్రీలు, వెనక రెండింటి మధ్య 90. కుడి ఎడమల తేడా సెంటీమీటర్లలో వస్తుంది కాబట్టి ఎవరు కొలిచినా వాదనకు తావు తక్కువ. అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ పిల్లల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో, ముందు వైపు చాపడంలో రెండు కాళ్ళకూ 4 సెంటీమీటర్లకు మించి తేడా ఉన్నవాళ్ళకు కాలి గాయాలు రెండున్నర రెట్లు ఎక్కువ అయ్యాయి. ఆ 4ను కూడా నేను గీతలా పట్టుకోను గానీ, చీలమండ బెణికి తిరిగొచ్చిన పిల్లాడిని మళ్ళీ ఆడించాలా వద్దా అన్నప్పుడు దీన్ని మించింది మన చేతిలో లేదు. రెండు జాగ్రత్తలు. ప్రాక్టీస్ చేసిన కొద్దీ దూరం పెరుగుతుంది, కాబట్టి నాలుగైదు సార్లు చాపనిచ్చి ఆ తర్వాతే కొలవండి. ఒకరితో ఒకరిని పోల్చేటప్పుడు దూరాన్ని కాలి పొడవుతో భాగించండి, లేకపోతే పొడుగు కాళ్ళవాళ్ళే గెలుస్తారు.

అయినా నిలబడ్డ చోటే కదా ఇదంతా. దిగడం ఎక్కడుంది?

అందుకే నా ఓటు ఫోన్‌కు. 30 సెంటీమీటర్ల ఎత్తు బాక్స్ మీది నుంచి తన ఎత్తులో సగం దూరం ముందుకు దూకి, రెండు కాళ్ళ మీద దిగి, దిగీ దిగగానే ఎంత వీలైతే అంత పైకి ఎగరాలి. ముందు నుంచి ఒక వీడియో, పక్క నుంచి ఒకటి. లెస్ (ల్యాండింగ్ ఎర్రర్ స్కోరింగ్ సిస్టమ్) అనే పద్ధతిలో దీనికి 17 అంశాల పట్టిక ఉంది, ఇందులో మార్కులు పెరిగిన కొద్దీ దిగడం చెడ్డదని అర్థం. నేను పట్టికంతా నింపను. నాలుగే చూస్తా: మోకాళ్ళు లోపలికి వస్తున్నాయా, మోకాళ్ళు వంగుతున్నాయా లేక కట్టెలా ఉన్నాయా, ఒంటి పైభాగం ఒక పక్కకు ఒరుగుతోందా, రెండు పాదాలూ ఒకేసారి తాకుతున్నాయా.

ఇది కంటితో పట్టే పని కాదు. హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటల్లో ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) తెగిన వీడియోలను విశ్లేషించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పాదం నేల తాకిన 40 మిల్లీసెకన్ల దగ్గర్లోనే లిగమెంట్ తెగుతుంది. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. అసలు సంగతి రెండు ఫ్రేముల సందులో జారిపోతుంది. స్లో మోషన్‌లో 240 పెడితే నాలుగు మిల్లీసెకన్లకో బొమ్మ దొరుకుతుంది. 120 ఉన్న ఫోనైనా పర్వాలేదు.

మా దగ్గర ఇంటర్ ఫస్టియర్ వాలీబాల్ అమ్మాయి ఒకామె ఉంది. ఎఫ్‌ఎంఎస్‌లో 17. వీడియోలో చూస్తే దిగిన ప్రతిసారీ ఎడమ మోకాలు బొటనవేలు దాటి లోపలికి వస్తోంది, కుడిది నిటారుగానే ఉంది, చప్పుడేమో దబ్బుమని గ్రౌండ్ అవతలికి వినిపిస్తోంది. ఆ వీడియో ఆ అమ్మాయికే చూపించి, మోకాలు, తుంటి అన్న మాట ఎత్తకుండా "చప్పుడు రాకుండా దిగు బిడ్డా" అన్నా. అక్కడికక్కడే మోకాళ్ళు ఇంకా లోతుగా వంగాయి. ఎడమ మోకాలు లోపలికి రావడం మాత్రం అంత తేలిగ్గా పోలేదు, దానికి ఒంటికాలి స్క్వాట్లు మొదలుపెట్టించాం. రేపటి పని ఈ రోజే తెలిసిందా లేదా? నాకు కావాల్సింది అదే.

దీనితో జోస్యం చెప్పొచ్చా అంటే కుదరదు. 829 మంది యువ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఏసీఎల్ గాయపడిన ఏడుగురిలో ఆరుగురిని లెస్ పరీక్ష ముందే పట్టింది. కానీ గాయపడని వాళ్ళలో మూడో వంతుకు పైగా పిల్లలనూ ప్రమాదం జాబితాలోనే వేసింది. 2012 నాటి ఇంకో అధ్యయనంలో లెస్ మార్కులకూ ఏసీఎల్ గాయాలకూ అసలు సంబంధమే కనబడలేదు. అందుకే వీడియో చూసి పిల్లలను టీంలోంచి తీసేస్తే అది అన్యాయం. దిగడం నేర్పడానికి వాడుకోండి, ఏరివేయడానికి వద్దు.

మిగిలినవి గబగబా. టక్ జంప్: మోకాళ్ళు ఛాతీ వైపు ఎత్తుతూ పది సెకన్లు ఎగరాలి, బాక్స్ లేనివాళ్ళకు పర్వాలేదు. పాదం నేలను నొక్కే బలం కొలిచే ఫోర్స్ ప్లేట్లు, కదలికను కెమెరాలతో కొలిచే మోషన్ క్యాప్చర్ ల్యాబులు: మన బడ్జెట్ మాట కాదు. "పరీక్షే వద్దు, అందరితో వార్మప్ చేయిద్దాం" అనే వాదన మాత్రం తీసిపారేసేది కాదు. నార్వేలో అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఫిఫా 11+ వార్మప్ చేయించి చూస్తే తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయని 2008లో తేలింది. 20 నిమిషాలు పడుతుంది. వీడియోకు తీరిక లేని పీఈటీ అదొక్కటి చేయించినా నేనేమీ అనను.

ఇక హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) సింథటిక్ ట్రాక్ మీద ప్రాక్టీస్ చేసే రన్నర్ల సంగతి వేరు. కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ విభాగం) కాంస్యం తెచ్చాక మా పిల్లని కూడా 400కు తయారు చేయండి అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ళకు బాక్స్ మీది నుంచి దూకడం పెద్దగా పనికిరాదు. రన్నర్లకు తొడ వెనక కండరం ముఖ్యం, అక్కడ ఎఫ్‌ఎంఎస్‌లోని కాలు పైకెత్తే పరీక్ష, పరుగును పక్క నుంచి తీసిన వీడియో చూస్తా.

వీడియో తీసేవాళ్ళకు: ఫోన్ స్టాండ్ మీద మోకాలి ఎత్తులో పెట్టండి, చేత్తో పట్టుకోకండి. పొద్దున ఎండ కెమెరా వెనక నుంచి పడాలి. ట్రాక్ ప్యాంట్‌లో మోకాలు కనబడదు, అమ్మాయిలు "షార్ట్స్ వేసుకోం" అంటే బలవంతం చేయొద్దు, లెగ్గింగ్స్ మీద మోకాలి చిప్ప దగ్గర తెల్ల టేపు ముక్క అంటిస్తే చాలు. తీసే ముందు ఇంట్లోవాళ్ళతో సంతకం పెట్టించుకోండి, చూడటం అయ్యాక ఆ పిల్ల ముందే డిలీట్ చేయండి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, నాకు కూడా పంపొద్దు.