అక్షరమాలా, పదాలా, కథలా: ఏది మేలు?

"పాపకి నాలుగేళ్లు నిండాయి, అఆలు మొదలుపెట్టమంటారా, కథలు చదివితే చాలా?" ఈమధ్య తరచూ వింటున్న ప్రశ్న. మా అమ్మాయి విషయంలో నాకూ ఇదే టెన్షన్.

మేం ముందు పట్టుకున్నది వరసగా అక్షరమాల. మూడు నెలల్లో అ నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. మురిసిపోయాం. ఓ రోజు 'మ' ఒక్కటే రాసి ఇదేంటని అడిగితే, చార్టు దగ్గరికెళ్లి 'అ' మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే పలుకుతూ 'మ' దాకా వచ్చి ఆగింది. పిల్లకి వచ్చింది పాటన్నమాట. (అన్నట్టు, 'అ' అంటే 'అమ్మ' అనే మొదలుపెడతాం. అందులోని మ వత్తు నేర్పేది మాత్రం అన్నిటికన్నా చివర!)

పదాలు చూపించి గుర్తుపట్టించే పద్ధతిలో ఫలితం త్వరగా కనిపిస్తుంది. కానీ 'అత్త' అని రాసి చూపిస్తే మా అమ్మాయి 'అమ్మ' అనేసింది. ఆకారం చూసి ఊహించడమే. అలా ఎన్ని వేల పదాలని గుర్తుపెట్టుకుంటుంది?

నా లెక్కలో తేల్చేది ఒకటే: ఎప్పుడూ చూడని పదాన్ని పిల్ల కూడబలుక్కుని చదవగలదా? అందుకే చివరికి ల, ప, క, త, ఈ నాలుగే తీసుకున్నాం. వీటితోనే తల, కల, పలక వచ్చేస్తాయి. ఇంకో అక్షరం కలిపితే మరికొన్ని. గుణింతాలూ అంతే, అన్నీ ఒకేసారి వద్దు. ముందు దీర్ఘం, అది కుదిరాక గుడి. గుణింతాలు, వత్తులు పూర్తిగా నిలదొక్కుకోవడానికి మూడు నాలుగేళ్లు పట్టడం మామూలే, కంగారు పడకండి. ఇంగ్లీషుకైతే అక్షరం పేరు కన్నా శబ్దం ముందు నేర్పాలి. సి, ఏ, టి అని ఎంత గట్టిగా కలిపినా 'క్యాట్' రాదు కదా.

యాప్‌లు, ఫ్లాష్‌కార్డులు? కాసేపు ఆడుకోవడానికి పర్వాలేదు.

ఇక కథలు. వీటిని పై పద్ధతులకి పోటీగా పెట్టడమే పొరపాటు. కథ వింటున్నంతసేపూ పిల్లల కళ్లు ఎక్కువగా బొమ్మల మీదే ఉంటాయి కాబట్టి, అక్షరాలు వాటంతటవి రావు. అలాగని మానేస్తే? 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చదవడాన్ని గుణకారంతో పోల్చారు: అక్షరాలు కూడబలుక్కోవడం ఇంటూ భాష అర్థం కావడం. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే. ఆ రెండోదాన్ని పెంచేవి కథలు.

మొన్న 'కలప' అని రాసిచ్చాను. "క... ల... ప" అంది. రెండోసారి కలిపేసింది. తర్వాత తలెత్తి నా వైపు చూసి, "కలప అంటే ఏంటి నాన్నా?"