పొలంలో మిగిలిన పొట్టును గొర్రెల దాణా చేసిచ్చే మిల్లు: ఏడాదిగా వెళ్తున్నాను, నా అనుభవం

మాకు 46 గొర్రెలు. అన్నీ దక్కనీవి, నల్ల ఉన్నివి. ఉండేది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో. ఇంట్లో తెలుగు, బజారుకు పోతే మరాఠీ. మంద వెంట మా ఆయన తిరుగుతాడు, దాణా, మందులు, లెక్కలు నేను చూసుకుంటాను. మా దగ్గరలోని ఒక దాణా మిల్లుకు ఏడాదిగా వెళ్తున్నాను. పొలంలో మిగిలిన పొట్టు, కట్టె బస్తాల్లో తీసుకెళ్తే నలగ్గొట్టి, మనం చెప్పిన లెక్కలో మక్కలు, సర్కీ పెండ (పత్తి గింజల చెక్క), తవుడు కలిపి ఇస్తారు. అక్కడ జరిగిన తప్పులు కూడా రాస్తున్నాను కాబట్టి మిల్లు పేరు పెట్టడం లేదు.

మొదట ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెబుతాను. సాయంత్రం మంద ఇంటికొచ్చాక తొట్టిలో కంది పొట్టు వేసేవాళ్లం. తెల్లారి చూస్తే ఆకు, కాయ తొక్క పోయి, పుల్లలు మాత్రం దువ్వెనతో దువ్వినట్టు ఒక పక్కకు చేరి ఉండేవి. బర్రె అయితే నాలుక చుట్టి గుత్తులుగా లాగి అంతా నమిలేస్తుంది. గొర్రె అట్లా తినదు. దాని పై పెదవి మధ్యలో చీలి ఉంటుంది, ఆ రెండు ముక్కలూ వేళ్లలాగా కదులుతాయి. ఒక్కో ఆకును ఏరుకుంటుంది, గట్టి పుల్ల తగిలితే పక్కకు నెట్టేస్తుంది. ఒకరోజు తూకం వేశాను. 20 కిలోలు వేస్తే తెల్లారికి 9 కిలోలు మిగిలింది. కొన్న పొట్టు అది, కిలో 4 రూపాయలు. ఆ మిగిలింది ఎత్తి పెంటకుప్పలో వేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఇంకోపక్క సోయా. మా వైపు అక్టోబరులో ఏ ఊరికి పోయినా నూర్పిడి మిషన్ పక్కన సోయా పొట్టు గుట్టలుగా కనబడుతుంది. తడిస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఎవరూ అడగరని అక్కడే నిప్పు పెడతారు. అడిగితే ఊరికే ఇస్తారు. కాకపోతే దాంట్లో ఆకు ఉండదు, కోతకు ముందే రాలిపోతుంది, మిగిలేదంతా కాండం, కాయ తొక్క. గొర్రె దాన్ని వాసన చూసి వెళ్లిపోతుంది.

మిల్లుకు మొదటిసారి పోయినప్పుడు జరిగింది చెప్పాలి, ఎందుకంటే కొత్తగా పోయేవాళ్లందరికీ ఇదే జరుగుతుంది. నేను రెండు బస్తాల కంది పొట్టు, రెండు బస్తాల సోయా పొట్టు దింపాను. మిషన్ దగ్గర ఉన్న అబ్బాయి ఏమీ అడగకుండా కోళ్ల దాణాకు వాడే సన్న జాలీ పెట్టి ఆడించాడు. బయటికొచ్చింది గోధుమ పిండిలా ఉంది. నేనూ మెత్తగా ఉంటే మంచిదే కదా అనుకుని తెచ్చాను. గొర్రెలు తిన్నాయి, బాగానే తిన్నాయి. మూడో రోజుకు తొట్టి దగ్గర దగ్గులు మొదలయ్యాయి, ముక్కుల చుట్టూ దుమ్ము. పెంటికలు గోళీల్లా రాలాల్సినవి ముద్దగా అంటుకుంటున్నాయి. రాత్రి దొడ్లో పడుకున్న గొర్రెల్లో సగం కూడా నెమరు వేయడం లేదు.

పశువుల డాక్టరును అడిగితే విషయం చెప్పాడు. నారను పిండి చేస్తే అది కడుపులో నిలవదు, సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి అరిగించేలోపే ముందుకు జారిపోతుంది. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, లాలాజలం తగ్గితే కడుపులో పులుపు పెరుగుతుంది. గొర్రెకు పుల్ల నలగాలి కానీ పొడి కావద్దు.

రెండోసారి పోయినప్పుడు జాలీ నేనే చూసి పెట్టించాను. 5 మిల్లీమీటర్ల జాలీ తీయించి, పెద్ద రంధ్రాలది 20 మిల్లీమీటర్లది వేయించాను. వచ్చిన పొట్టు అర అంగుళం ముక్కలుగా, చివరలు చీలిపోయి పీచులా ఉంది. ఈసారి తొట్టిలో ఏరుకోవడానికి వీల్లేకుండా పోయింది, ఆకు ముక్క, పుల్ల ముక్క, మక్కల నూక అన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి కదా. తెల్లారి తొట్టి ఊడ్చి తూకం వేస్తే కిలోన్నర మిగిలింది. 9 కిలోలు మిగిలే చోట కిలోన్నర! ఆ ఒక్క సంగతికే నేను మళ్లీ మళ్లీ ఆ మిల్లుకు పోతున్నాను.

ఇప్పుడు నేను కలిపించే లెక్క ఇది. 100 కిలోలకు సోయా పొట్టు 25, కంది పొట్టు 25, జొన్న చొప్ప కుట్టీ (సన్నగా నరికిన చొప్ప) 10, మక్కల నూక 12, సర్కీ పెండ 12, తవుడు 10, బెల్లం మడ్డి 4, ఖనిజ లవణ మిశ్రమం కిలోన్నర, ఉప్పు అర కిలో. పెండ ఎందుకని మా మామ అడిగాడు, పొట్టు తింటే చాలదా బిడ్డా అని. చాలదు. సోయా పొట్టులో మాంసకృత్తులు నూటికి నాలుగైదు పాళ్లే ఉంటాయి. మేతలో మొత్తం మీద ఏడు పాళ్ల కన్నా తగ్గితే కడుపులోని సూక్ష్మజీవులకు తిండి చాలదు, అవి బలంగా లేకపోతే పీచు విరగదు, పీచు విరగకపోతే కడుపు ఖాళీ కాదు, గొర్రె తినడమే తగ్గిస్తుంది. ముందు మేత ఉండీ ఎండిపోయే గొర్రె అంటే ఇదే. ఎండాకాలంలో ఎండు గడ్డి మీద మాత్రమే ఉన్న మందల్లో మీరు చూసే ఉంటారు.

కలపడం మాత్రం ఆ మిల్లులో నాకు చాలా నచ్చింది. కలిపే మిషన్ లేదు, నేల మీద పారలతోనే. అయినా పద్ధతి ఉంది. ఉప్పు, లవణ మిశ్రమం ముందు తవుడులో కలుపుతారు, లేకపోతే ఒక గొర్రెకు గుప్పెడు, ఇంకోదానికి సున్నా. తర్వాత దాన్ని నూకలో, నూకను పొట్టులో వేసి, కుప్పను ఇటు నుంచి అటు మూడుసార్లు తిప్పుతారు. మడ్డిని గోరువెచ్చని నీళ్లలో పలచన చేసి చివర్లో చల్లుతారు. కలిపాక నేను గుప్పెడు తీసి పిసుకుతాను. ముద్ద కట్టి, వేలితో తాకితే విడిపోవాలి. చేతికి జిగురు అంటితే మడ్డి ఎక్కువైంది, ముద్దే కట్టకపోతే దుమ్ము లేస్తుంది. మిల్లు భావూ (మరాఠీలో అన్న) ఇప్పుడు నేను అడగకముందే గుప్పెడు తీసి నా చేతిలో పెడతాడు, "బఘా తాయీ" (చూడక్కా) అని.

ఇక నాకు నచ్చనివి రెండు.

ఒకటి, వాళ్లు అమ్మే లవణ మిశ్రమం. సంచి మీద ఆవులు, బర్రెల బొమ్మలు ఉన్నాయి, గొర్రెలకు కూడా అదే వేస్తున్నారు. గొర్రెకు రాగి లోహం ఎక్కువైతే పడదు. అవసరానికి మించిన రాగి కాలేయంలో నెలల తరబడి చేరుకుంటుంది, బయటికి ఏమీ కనిపించదు, ఒకరోజు ఉన్నట్టుండి కళ్లు పసుపుగా, మూత్రం ఎర్రగా వచ్చి గొర్రె పడిపోతుంది. అప్పుడు చేసేదేమీ ఉండదు. ఆవుల మిశ్రమంలో రాగి గొర్రె తట్టుకునేదాని కన్నా ఎక్కువ ఉంటుంది. నేను గొర్రెలకని రాసి ఉన్నది వేరే కొని తీసుకెళ్తాను. మిల్లులో రెండుసార్లు చెప్పాను, సరే అన్నారు, సంచి మాత్రం అక్కడే ఉంది. దయచేసి మీరు వెళ్తే సంచి మీద చదవండి.

రెండోది ఇనుము. నూర్పిడి దగ్గర నుంచి వచ్చే పొట్టులో తీగ ముక్కలు, సంచి కుట్టిన నైలాన్ దారాలు ఉంటాయి. మిల్లు గరాటు దగ్గర అయస్కాంతం లేదు. ఒకసారి నా బస్తాలో వేలెడు తీగ ముక్కను నేనే తీశాను. అది లోపల పడితే నాలుగు ముక్కలై దాణాలో కలిసేది. అందుకే ఇప్పుడు పొట్టును ఇంటి దగ్గరే తాడిపత్రి (టార్పాలిన్) మీద పరిచి, చేత్తో ఒకసారి ఎగరేసి నింపుతాను. గంట పని.

ఇంకో సంగతి. నా ముందు వరసలో ఉన్న ఒకాయన యూరియా సంచి తెచ్చి దాణాలో కలపమన్నాడు. భావూ కలపనన్నాడు, అందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. యూరియా ఎండు గడ్డికి పనికొస్తుంది కానీ పద్ధతి వేరు. 100 కిలోల వరి గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి పోకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. విప్పాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయాలి. పొడిగా దాణాలో వేస్తే గడ్డలు ఒకచోట చేరుతాయి, ఆ గడ్డ తిన్న గొర్రె గంటల్లో ఉబ్బి చస్తుంది. పాలు తాగే పిల్లలకైతే యూరియా గడ్డీ వద్దు, ఈ మిల్లు దాణా కూడా వద్దు, వాటికి ఇంకా పీచు అరిగించే కడుపే తయారు కాలేదు.

ఖర్చు చెబుతాను. నలగ్గొట్టడానికి పొట్టు కిలోకి 2 రూపాయలు, కలపడానికి కిలోకి ఇంకో రూపాయి. పెండ, మక్కలు, మడ్డి అన్నీ కలుపుకుంటే నాకు కిలో దాణా 14 రూపాయల దగ్గర పడుతోంది. బజారులో గొర్రెల గుళికల దాణా దాదాపు దీనికి రెట్టింపు. అది బలమైన దాణానే, కాదనను, కానీ దాంతో పాటు మేత వేరే వేయాలి. ఇది మేత, దాణా రెండూ ఒకటే. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ఉంది. అక్కడ కూడా ఎండు మేత, దాణా కలిపి ఇటుకల్లా అచ్చు వేసే పద్ధతి మీద పని చేశారు. మాకు అచ్చు మిషన్ లేదు, బస్తాలే గతి. చోటు ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

పగలంతా మేసి వచ్చే గొర్రెకు సాయంత్రం 400 గ్రాములు వేస్తాను. 46 గొర్రెలకు రోజుకు పద్దెనిమిది కిలోల పైచిలుకు. ఒకసారి 5 క్వింటాళ్లు ఆడిస్తే ఇరవై ఏడు రోజులు వస్తుంది. ఏప్రిల్, మేలో బీళ్లు నల్లబడ్డాక రెట్టింపు వేస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం మొదటి రోజే తొట్టి నింపకండి. 50 గ్రాములతో మొదలుపెట్టి పన్నెండు, పదిహేను రోజుల్లో పెంచుకుంటూ పోండి. ఒక్కసారిగా గింజ దాణా పడితే చిటుక రోగం వస్తుంది, బాగా బలిసిన గొర్రెనే ముందు తీసుకుపోతుంది. వానాకాలానికి ముందే దానికి టీకా వేయించుకోండి.

చూడి గొర్రెలు ఈ ఏడు ఈనినప్పుడు పిల్లలకు పాలు చాలలేదన్న మాట మా దొడ్లో వినబడలేదు. పోయినేడు మూడు పిల్లలకు సీసాతో పట్టాను. వానలు బాగా పడి మేత కూడా దొరికింది, అంతా మిల్లు పుణ్యమే అనను. కానీ పెంటకుప్పలో పుల్లలు ఎత్తి పోసే పని పోయింది, అది నా కళ్లతో చూశాను.

శుక్రవారం కోళ్ల వాళ్ల బస్తాలు ఎక్కువ వస్తాయి, ఆ రోజు పోవద్దు, సన్న జాలీ తీయడానికి బతిమాలాలి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి పోతే ఖాళీగా ఉంటుంది. వానాకాలంలో 2 క్వింటాళ్లకు మించి ఆడించొద్దు, మడ్డి వేసిన దాణా చెమ్మకు ముద్ద కట్టి బూజు పడుతుంది. ఈసారి పోయినప్పుడు ఒక అయస్కాంతం పలక నేనే కొనుక్కుపోయి గరాటుకు కట్టించమని భావూను అడుగుతాను. కట్టిస్తే ఇక్కడే రాస్తాను.