కాజీపేట వాళ్లు తప్పక ఎక్కాల్సిన కూనూర్ డీజిల్ బండి

ఊటీ టాయ్ ట్రైన్ అంటే అందరూ ఆవిరి ఇంజిన్ గురించే చెబుతారు గానీ, కూనూర్ నుంచి ఊటీ దాకా బండిని నడిపే వైడీఎం-4 అనే డీజిల్ ఇంజిన్ కోసమే వెళ్లినా డబ్బులు దండగ కావు. కాజీపేట డీజిల్ ఇంజిన్ల షెడ్డు పక్కన పెరిగిన మాలాంటి వాళ్లకు ఆ చప్పుడు చెవికి చుట్టమే, ఎందుకంటే పెద్ద లైన్ల మీద తిరిగిన మన పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్‌లోనూ ఇందులోనూ ఉన్నది అమెరికా కంపెనీ ఆల్కో వాళ్ల 251 రకం ఇంజినే. అందులో 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, ఇందులో 6 సిలిండర్లు, 1400. డ్రైవర్ నాచ్ (వేగం పెంచే మెట్టు) పెంచగానే, ఇంజిన్‌కి గాలి ఎక్కించే టర్బో అందుకునేలోపు గుప్పున నల్లపొగ! ప్లాట్‌ఫాం మీద పక్కన నిలబడితే అరికాళ్లకు అదురు తెలుస్తుంది. నిట్టనిలువు ఎక్కుడులో ఇంజిన్ పట్టు కోసం వేసిన పళ్ల పట్టా కింద కల్లార్-కూనూర్ మధ్యే, కూనూర్-ఊటీ వైపు మామూలు మీటర్‌గేజ్. సీట్లు మాత్రం ఇరుకు, పొడుగు మనుషులకు మోకాళ్లు పట్టేస్తాయి. ఇంజిన్ పక్క బోగీలోనే ఎక్కండి, టికెట్ ముందే బుక్ చేసుకోండి.